రెండు సూర్యాస్తమయాల మేడ

పిల్లలూ! ఇవాళ సూర్యుడు ఎన్ని గంటలకు అస్తమిస్తాడని ఎవరైనా అడిగితే మీరేం చేస్తారు? క్యాలెండరు తిప్పి చూసి, "ఐదూ నలభైకి" అనో, "ఆరూ ఇరవైకి" అనో చెప్పేస్తారు. ఒక ఊరికంతటికీ ఒకటే వేళ గదా! కాని ఒకే మేడలో కింద ఉన్నవారికి ఒక వేళకూ, నడుమ ఉన్నవారికి మరొక వేళకూ, పైన ఉన్నవారికి ఇంకొక వేళకూ పొద్దు కుంకుతుందంటే నమ్ముతారా?

ఇది కట్టుకథ కాదు. అలాంటి మేడ ఒకటి ఉన్నది. అది అరబ్బు దేశంలో, దుబాయ్ నగరంలో ఉన్నది. పేరు బుర్జ్ ఖలీఫా. 'బుర్జ్' అంటే అరబ్బీ భాషలో బురుజే. మన కోట బురుజు ఆ మాటే సుమా! 2010 జనవరి 4వ తేదీన దానిని ప్రారంభించారు. ఎత్తు 828 మీటర్లు. మనుషులు కట్టిన కట్టడాలలో ఇంతకన్న ఎత్తయినది మరొకటి లేదు. మన నాగార్జునసాగర్ ఆనకట్ట పునాది నుంచి 124 మీటర్ల ఎత్తు. అలాంటివి ఆరు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా ఈ మేడ ఇంకా ఎనభై మీటర్లకు పైగానే మిగిలి ఉంటుంది.

ముస్లిములు రంజాను నెలలో పగలంతా ఉపవాసముండి, సూర్యుడు అస్తమించగానే ఉపవాసం విడుస్తారు గదా! మరి ఈ మేడ పై అంతస్తులలో ఉండేవారికి కిందివారికంటె కాస్సేపు ఎక్కువ సూర్యుడు కనిపిస్తూనే ఉన్నాడు. వారు ఎప్పుడు తినాలి? ఈ చిక్కు వచ్చి, 2011లో అక్కడి మతపెద్దలు ఒక తీర్పు చెప్పారు. 80వ అంతస్తు నుంచి 150వ అంతస్తు దాకా ఉండేవారు రెండు నిమిషాలు ఆగాలి. అంతకు పైన ఉండేవారు మూడు నిమిషాలు ఆగాలి.

ఈ సంగతి చదివిన నాటినుంచీ నాకు ఒకటే ఆలోచన. ఆ రెండు నిమిషాలు నా కళ్ళతో నేను చూడాలి. ఒక డిసెంబరు నెలాఖరున సెలవులు దొరికాయి. ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. నేనొక్కడినే బయలుదేరాను.

ఒంటరి ప్రయాణంలో ఒక హాయి ఉన్నది. ఎక్కడ నిలబడాలనిపిస్తే అక్కడ నిలబడవచ్చు, "పద, పద" అని చెయ్యి లాగేవారుండరు. కాని దుబాయ్‌లో దిగిన మొదటి రోజునే నాకు నా పొరపాటు తెలిసివచ్చింది. ఈ ప్రయోగం ఒక్కడివల్ల అయ్యేది కాదు! ఒకడు కింద నిలబడి సూర్యుడు ఎప్పుడు మునిగాడో చూడాలి. అదే వేళకు మరొకడు పైన ఉండి చూడాలి. "అదేమిటి, కింద ఒకసారి చూసి గబగబా పైకెక్కి మళ్ళీ చూడవచ్చు గదా" అంటారేమో. లెక్కకు అది నిజమే. అక్కడి లిఫ్టు సెకనుకు పది మీటర్ల వేగంతో పోతుంది, 124వ అంతస్తుకు ఒక్క నిమిషంలో చేరుస్తుంది. కాని ఆ లిఫ్టు దగ్గరకు చేరాలంటే ముందు వరుసలో నిలబడాలి. నేను వెళ్ళిన రోజున ఆ వరుస గంటసేపు పట్టింది. సూర్యుడు ఎవరికోసమూ గంటసేపు ఆగడు.

ఊళ్ళో నాకు తెలిసినవారెవరూ లేరు. ఆ రాత్రి బర్ దుబాయ్ అనే పేటలో ఒక తెలుగు మెస్సుకు భోజనానికి వెళ్ళాను. గోంగూర పచ్చడి వాసన వీధిదాకా వస్తున్నది. నా ఎదురుగా కూర్చున్నాయనకు నలభై అయిదేళ్ళుంటాయి. మాట్లాడగానే తెలంగాణ మనిషని తెలిసింది. జగిత్యాల దగ్గర పల్లెటూరు. ఇప్పుడు ఒక భవనానికి రాత్రి కావలి ఉంటున్నాడు. నేనెందుకు వచ్చానో చెప్పగానే ముద్ద ఆపి నవ్వాడు.

"ఆ బురుజా? దానికి నేను మూడేండ్లు కాంక్రీటు పోసిన సారూ!"

2006లో అప్పు చేసి, ఏజెంటుకు డబ్బు కట్టి వచ్చాడట. 2009 దాకా ఆ మేడమీద పని. పని జోరుగా సాగినప్పుడు రోజుకు పన్నెండు వేలమంది దానిమీద ఉండేవారు. మన దేశంవారూ, పాకిస్తాను, బంగ్లాదేశ్, నేపాలువారూ అందులో ఎక్కువ.

"నాది ఎప్పుడూ రాత్రి డ్యూటీనే. ఎండకాలంల కాంక్రీటు రాత్రే పోస్తరు. దాంట్ల మంచుగడ్డలు కూడ కలుపుతరు" అన్నాడు.

సిమెంటులో మంచుగడ్డలేమిటని మీకు నవ్వు వస్తుందేమో. నవ్వకండి. కాంక్రీటు గట్టిపడేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది. సిమెంటూ నీరూ కలిసినప్పుడు జరిగే రసాయనిక చర్య అది. అసలే దుబాయ్‌లో వేసవి పగళ్ళు 45 డిగ్రీలు దాటుతూ ఉంటాయి. ఆ ఎండలో పోస్తే పైకి చేరేలోపలే అది బిగుసుకుపోతుంది, పగుళ్ళు కూడా పడుతుంది. అందుకని రాత్రివేళ, చల్లటి నీళ్ళతో, మంచుతో కలిపి పోశారు. ఆ కాంక్రీటును గొట్టాలలో పంపులతో 600 మీటర్లకు పైగా ఎత్తుకు తోశారు. అంత ఎత్తుకు అంతకుముందు ఎవరూ తోయలేదు. 156వ అంతస్తు దాకా కాంక్రీటే, ఆపైన ఉక్కు. మొత్తం మేడకు పట్టిన కాంక్రీటు 3 లక్షల 30 వేల ఘనపు మీటర్లు. ఆ బరువంతా మోయడానికి నేలలోపల 192 స్తంభాలున్నాయి. ఒక్కొక్కటి మీటరున్నర లావు. అవి నేలలోకి 50 మీటర్లకు పైగా దిగి ఉన్నాయి.

"అయితే తమ్ముడూ, పైకి ఎక్కావన్నమాట! పైనుంచి ఎలా ఉంటుంది?" అని అడిగాను.

ఆయన కాస్సేపు మాట్లాడలేదు.

"అద్దాలు లేని నాడు ఎక్కిన సారూ. గాలి ఈడ్చి కొడుతుండె. కింద దీపాలు చుక్కల లెక్క ఉండేటియి. గంతే చూసిన. తెల్లారేసరికి దించేసేటోళ్ళు. పైనుంచి పగలు ఎట్లుంటదో నాకు తెల్వది."

మరి తరువాత ఎప్పుడూ టిక్కెట్టు కొని వెళ్ళలేదా అని అడగబోయి ఊరుకున్నాను. ఇంటికి పంపే డబ్బులోనుంచి ఎవరు టిక్కెట్టు కొంటారు?

నా ప్రయోగం సంగతి చెప్పాను. కింద సముద్రపుటొడ్డున ఎవరైనా నిలబడితే బాగుండునన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. కావలి పని రాత్రి ఎనిమిదింటికి గాని మొదలు కాదట, సాయంత్రం ఖాళీయే. నేను మరునాడే వెళదామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు పోతే పైసలు దండుగ సారూ. దుమ్ము లేసింది. ఒక వాన పడనియ్యుండ్రి. అప్పుడు పొద్దు అద్దంల చూసినట్టు కనవడతది."

ఆ మాటే నన్ను కాపాడింది. మరునాడు సాయంత్రం సూర్యుడు సముద్రం దాకా రానేలేదు. దిగంతానికి జానెడు పైననే, బూడిదరంగు మసకలో కరిగిపోయాడు. ఎడారి పక్కనున్న ఊరు గనుక గాలిలో సన్నని ఇసుక తేలుతూ ఉంటుంది. ఆ రోజే టిక్కెట్టు కొని ఉంటే నా పని గోవిందా! అస్తమయపు వేళకు టిక్కెట్టు ధర మిగతా వేళలకంటె ఎక్కువ కూడాను. రెండు రోజుల తరువాత ఒక చిన్న జల్లు పడింది. పొద్దున లేచి చూస్తే ఆకాశం కడిగిన పళ్ళెంలాగా ఉన్నది.

సాయంత్రం నాలుగింటికి నేను మెట్రో రైలులో బురుజు దగ్గర దిగాను. ఆయన బస్సు ఎక్కి జుమేరా బీచికి వెళ్ళాడు. అస్తమయం ఐదూ నలభైకి కాస్త ముందు. ఒప్పందం ఇది: ఐదూ ముప్పైకి ఆయన నాకు ఫోను చెయ్యాలి. ఫోను పెట్టెయ్యకుండా ఉంచాలి. సూర్యుడి ఆఖరి అంచు నీళ్ళలో మునగగానే చెప్పాలి.

దగ్గరకు వెళ్ళి చూస్తే మేడ శిఖరం కనబడదు. మెడ విరిచి చూసినా కనబడదు. పైనుంచి చూస్తే దాని ఆకారం మూడు రేకుల పువ్వులాగా ఉంటుంది. నడుమ ఒక దిట్టమైన దూలం, దానికి ఆనుకుని మూడు రెక్కలు. ఒక్కొక్క రెక్క రెండింటికి ఆసరా. పైకి పోయినకొద్దీ ఈ రెక్కలు ఒకటి విడిచి ఒకటి, మెట్లుమెట్లుగా, చుట్టు తిరుగుతూ సన్నబడతాయి. ఇది అందంకోసమేననుకునేరు! గాలి ఒక కంబాన్ని ఒరుసుకుంటూ పోయేటప్పుడు దాని వెనక సుడులు పుడతాయి. ఏటి నడుమ పాతిన గుంజ వెనక నీరు సుడి తిరగడం మీరు చూసే ఉంటారు. ఆ సుడులు ఒకే లయలో పుడితే గుంజ ఊగుతుంది. మేడ కూడా అంతే. అందుకని దీన్ని రూపొందించిన ఇంజనీర్లు ప్రతి ఎత్తులోనూ దాని ఆకారం మార్చారు. ఒక చోట పుట్టిన సుడికి మరొక చోట పుట్టిన సుడితో లయ కుదరదు. గాలికే తికమక పుట్టించారన్నమాట!

లిఫ్టులో పదిమందిమి ఎక్కాము. కుదుపు లేదు, చప్పుడు లేదు. కదిలిందో లేదో తెలియలేదు గాని నా చెవులకు మాత్రం తెలిసింది. రెండు చెవులూ 'గుబ్' మని మూసుకున్నాయి. పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. 450 మీటర్లు ఎక్కితే సుమారు ఇరవయ్యో వంతు తగ్గుతుంది. చెవిలోపల ఉన్న గాలికి ఆ సంగతి వెంటనే తెలియదు, అది కర్ణభేరిని బయటికి నెడుతుంది. గుటక వేస్తే సర్దుకుంటుంది. నా పక్కన ఒక చిన్నపిల్ల భయపడి తల్లి కొంగు పట్టుకున్నది. నేను గుటక వేసి చూపించాను. అదీ వేసింది. నవ్వింది. భాష తెలియకపోయినా గుటక అందరికీ ఒకటే.

124వ అంతస్తు నేలకు 452 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ అద్దాల గది దాటితే ఆరుబయటి వసారా ఒకటి ఉన్నది. బయటికి రాగానే చల్లటి గాలి మొహానికి తగిలింది. కిందికంటె మూడు నాలుగు డిగ్రీలు తక్కువ. మొదటి రెండు నిమిషాలు నేను గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. చెప్పడానికి సిగ్గెందుకు, కాళ్ళు వణికాయి. అందరూ జంటలుగా, గుంపులుగా ఉన్నారు, ఒకరినొకరు పట్టుకుని అంచుదాకా వెళుతున్నారు. నాకు పట్టుకోవడానికి ఎవరూ లేరు. అప్పుడు జేబులో ఫోను మోగింది.

"వచ్చిన సారూ. ఇసుకల నిలవడ్డ. పొద్దు ఎదురుగనే ఉన్నది."

ఆ గొంతు వినగానే కాళ్ళు నిలదొక్కుకున్నాయి. ఫోను చెవికి ఆనించుకుని అంచుకు వెళ్ళాను.

కిందికి చూస్తే ఊరు బొమ్మల కొలువులాగా ఉన్నది. యాభై అంతస్తుల మేడలు అగ్గిపెట్టెలు. పెద్ద రోడ్డు మీద కార్లు చీమల బారు. పడమరగా సముద్రం. అందులో ఈతచెట్టు ఆకారంలో మనుషులు పోసిన దీవి, పామ్ జుమేరా. దాని వెనక ఎర్రటి సూర్యుడు. వెనక్కి తిరిగితే తూర్పున ఇసుక, ఇసుక, ఇసుక.

పిల్లలూ, ఇక్కడ ఒక లెక్క ఆగి చూద్దాం. భూమి గుండ్రంగా ఉన్నది గనుక మన చూపు ఒక దూరం దాటి పోలేదు. కొబ్బరికాయ మీద పాకే చీమకు అవతలివైపు కనిపించదు గదా, అలాగే. సముద్రపుటొడ్డున నిలబడిన మనిషికి దిగంతం నాలుగైదు కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. అదే 452 మీటర్ల ఎత్తున నిలబడితే సుమారు 76 కిలోమీటర్ల దాకా పోతుంది! ఒడ్డున ఉన్నవాడు అడ్డంగా ఎదురుచూపు చూస్తాడు. పైన ఉన్నవాడు కాస్త కిందికి వంచి చూడాలి. ఆ వంపు ఎంతంటారు? డిగ్రీలో మూడింట రెండు వంతులు మాత్రమే. కాని భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. నాలుగు నిమిషాలలో మూడింట రెండు వంతులు ఎంత? రెండు నిమిషాల నలభై సెకన్లు. సూర్యుడు నిట్టనిలువుగా గాక ఏటవాలుగా దిగుతాడు, గాలి కాంతిని కొంచెం వంచుతుంది. అందువల్ల ఇంకొన్ని సెకన్లు అటూ ఇటూ అవుతుంది.

ఈ చిన్న వంపుతో ఎంత పెద్ద పని చేయవచ్చో వెయ్యేళ్ళనాడే ఒకాయన చూపించాడు. ఆయన పేరు అల్ బిరూనీ. ఇప్పుడు పాకిస్తానులో ఉన్న నందన అనే కోట దగ్గర కొండ ఎక్కి, దిగంతం ఎంత కిందికి వంగిందో కొలిచి, ఆ వంపునుబట్టీ కొండ ఎత్తునుబట్టీ భూగోళం ఎంత పెద్దదో లెక్కకట్టాడు. ఆయనకు లిఫ్టు లేదు, ఫోను లేదు.

సూర్యుడి కింది అంచు ఇంకా నీటికి తగలలేదు. నాకు మాత్రం బాగా కనిపిస్తున్నాడు. ఫోనులో అలల చప్పుడు వినిపిస్తున్నది. "సగం మునిగె... కొంచెమున్నది... గోరంత..." అని ఆయన చెబుతున్నాడు. అంతలో గట్టిగా,

"పొద్దు గూకింది సారూ!"

నేను గడియారం నొక్కాను.

మా వైపున 'పొద్దు కుంకింది' అంటాము, ఆయన వైపున 'గూకింది' అంటారు. మాట ఎలా పలికినా సూర్యుడు మునిగినట్టే. కాని నా ఎదుట సూర్యుడు మునగలేదు! దాదాపు బింబమంతా నీటిమీద నిలిచి ఉన్నది. కింద రోడ్లమీద దీపాలు వెలుగుతున్నాయి. మేడల నడుమ నీడ నిండిపోయింది. నా చేతి మీద మాత్రం ఎర్రటి ఎండ పడుతున్నది. అక్కడ రాత్రి మొదలయింది, ఇక్కడ ఇంకా పగలు. నడుమ ఉన్నది అర కిలోమీటరు కూడా కాదు.

"ఏమయింది సారూ? మీకు గూడ మునిగెనా?"

"లేదు తమ్ముడూ. ఇంకా ఉన్నాడు."

"ఇంకా ఉన్నడా!"

నిమిషం గడిచింది. "ఇంకా ఉన్నడా?" అని మళ్ళీ అడిగాడు. రెండో నిమిషం గడిచింది. సూర్యుడు గోరంత అయ్యాడు, నూలుపోగంత అయ్యాడు, పోయాడు. గడియారం చూశాను. రెండు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు.

నా పక్కనున్నవారంతా ఫొటోలు తీసుకోవడం ముగించి లోపలికి వెళుతున్నారు. నేను తూర్పువైపు నడిచాను. అటు ఎవరూ లేరు. కాని చూడవలసినది అక్కడ కూడా ఒకటి ఉన్నది. ఎడారి అంచున నీలిబూడిద రంగు పట్టీ ఒకటి మెల్లగా పైకి లేస్తున్నది, దానిపైన లేతగులాబి రంగు. అది మబ్బు కాదు. అది భూమి నీడ! మనమున్న ఈ భూమి తన నీడనే గాలిపొరమీద వేసుకుంటుంది. మీ మేడమీదనుంచి కూడా, ఆకాశం తేటగా ఉన్న సాయంకాలం, సూర్యుడికి ఎదురుదిక్కున చూడండి, కనిపిస్తుంది.

ఇంటిదగ్గర చేయదగిన ప్రయోగం కూడా ఒకటి ఉన్నది. దానికి 828 మీటర్ల మేడ అక్కరలేదు. భీమిలిలోనో, మచిలీపట్నంలోనో, సముద్రంమీద సూర్యుడు ఉదయించే ఒడ్డున ఇద్దరు నిలబడండి. పెద్దవారెవరినైనా వెంటబెట్టుకుని వెళ్ళండి. ఒకరు ఇసుకలో బోర్లా పడుకోవాలి, మరొకరు పక్కన నిలబడాలి. సూర్యుడి మొదటి అంచు కనబడగానే "వచ్చాడు" అని అరవాలి. నిలబడినవారికి ఐదారు సెకన్లు ముందు కనిపిస్తాడు. ఆ అంచు కనబడిన వెంటనే చూపు మళ్ళించుకోవాలి. పైకి వచ్చిన సూర్యుడిని సూటిగా చూస్తే కళ్ళు పాడవుతాయి, మరచిపోకండి.

ఇక దుబాయ్ సంగతి. ఆ రాత్రి మెస్సులో కలుసుకున్నాము. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆయన అంతా విన్నాడు, విని ఒక ప్రశ్న వేశాడు.

"మీరు ఆలస్యంగ నొక్కిన్రో, నేను ముందే చెప్పిన్నో, ఎట్ల తెలుస్తది సారూ?"

చూశారా! కాలేజీలో చదివినవారికి తోచవలసిన ప్రశ్న అది. ఒకరి కన్ను చురుకు, మరొకరి నోరు నిదానం కావచ్చు. అప్పుడు తేడా సూర్యుడిది కాదు, మనుషులది. దాన్ని పట్టుకోవడానికి ఒకటే దారి. చూసేవాళ్ళిద్దరూ చోట్లు మార్చుకోవాలి.

"రేపు నువ్వు పైకి వెళ్ళు, నేను ఒడ్డున నిలబడతాను" అన్నాను.

ఆయన ముందు ఒప్పుకోలేదు. టిక్కెట్టు ధర ఎంతో ఆయనకు తెలుసు. "వద్దు సారూ, వద్దు" అన్నాడు. ప్రయోగం సగంలో ఆపితే నేను వచ్చిన ఖర్చంతా దండగ అవుతుందని చెప్పాను. ఆ మాట అబద్ధం కాదు. చివరికి, తన వంతుగా రెండు రోజుల నా భోజనం డబ్బు తానే ఇస్తానన్న షరతుమీద ఒప్పుకున్నాడు.

మరునాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. జుత్తు నున్నగా దువ్వుకున్నాడు. నేను మెట్రో దాకా సాగనంపి, బస్సులో బీచికి వెళ్ళాను.

ఒడ్డున పిల్లలు గాలిపటాలు ఎగరవేస్తున్నారు. ఐదూ ముప్పైకి ఫోను మోగింది. ఇవాళ అలల చప్పుడు నావైపు, గాలి హోరు ఆయనవైపు. చాలాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. పైనున్నాడో లేడోనని, "తమ్ముడూ" అని పిలిచాను.

"ఉన్న సారూ" అన్నాడు. "మేము ఉన్న క్యాంపు ఎటువక్కకు ఉండెనో చూస్తున్న. కనవడతలేదు. ఎడారి బాగ కనవడుతున్నది."

సూర్యుడు నీటికి తగిలాడు. కుంచెడు, సోలెడు, గోరంత. "కుంకింది!" అన్నాను. గడియారం నొక్కాను.

"ఇంకా ఉన్నడు సారూ!" ఆయన గొంతు ఒక్కసారిగా చిన్నపిల్లవాడి గొంతు అయింది. "ఇంకా ఉన్నడు! మస్తుగ ఉన్నడు!"

నేను వెనక్కి తిరిగి చూశాను. ఒడ్డంతా నీడ. ఇళ్ళన్నీ నీడ. వాటి వెనక బురుజు ఒక్కటే నిలబడి ఉన్నది. సగానికి కింద అదీ బూడిదరంగే. పైసగం మాత్రం కాల్చిన ఇనుములాగా ఎర్రగా వెలుగుతున్నది. నీడ దానిమీద పాకుతూ పాకుతూ పైకి పోతున్నది. ఆ ఎరుపులో ఎక్కడో కింది అంచున ఆయన ఉన్నాడు.

"పోయిండు సారూ" అన్నాడు ఆయన. గడియారం చూశాను. రెండు నిమిషాల నలభై నాలుగు సెకన్లు. నిన్నటికీ ఇవాళటికీ ఆరు సెకన్ల తేడా. చోట్లు మారినా సూర్యుడు మమ్మల్ని మోసగించలేదు.

"సారూ, ఒక్క మాట. ఈ సూది మీద, శిఖరం కాడ ఎవడన్న నిలవడితే వానికి ఇంకా కనవడుతుండొచ్చునా?"

నేను మళ్ళీ పైకి చూశాను. మేడంతా నల్లబడింది. చిట్టచివర, సూదిమొనమీద, అగ్గిపుల్ల కొసంత ఎరుపు ఇంకా మిగిలి ఉన్నది.

"ఉన్నాడు తమ్ముడూ, ఇంకా ఉన్నాడు" అన్నాను.